బోర్లించని కప్పు

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. సెలవు దొరికితే జనం సినిమాకు పోతారు, లేకపోతే కాళ్ళు చాపుకుని పడుకుంటారు. నేను కొండల్లో మూతపడిన గనుల్లో దూరతాను. ఎందుకని అడిగితే చెప్పలేను. వారమంతా పంపుసెట్లు విప్పి బిగిస్తూ, "నిన్ననే కదయ్యా బాగు చేశావు, మళ్ళీ ఏం రోగం?" అనే మొహాలు చూసి చూసి విసుగెత్తిపోతుంది. గనిలో మనుషులుండరు. కంపు ఉంటుంది. గబ్బిలాల రెట్ట, కుళ్ళిన దూలాలు, నిలవ నీళ్ళ మీద తెట్టు. మనుషుల కంపు కంటే అదే నయం.

ఈ మధ్య దీనికీ మూక తయారైంది. తలకు లైట్లు, మోకాళ్ళకు తొడుగులు, ఫోను తగిలించుకునే కర్రలు. మా వీధి వైపు మూకకు నాయకుడు నా బామ్మర్దే. కుర్రాళ్ళు వాణ్ణి కెప్టెన్ అంటారు. పగలంతా బట్టల షాపులో చొక్కాలు మడతపెట్టే కెప్టెన్.

వాడికి దారి చూపించింది నేనే, కాని ఆ పాపం మా ఆవిడది. "ఒక్కరే వెళ్ళి ఏ గోతిలో పడతారో ఏమో, మా తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళండి" అని పోరింది. పోరు పడలేక తీసుకెళ్ళాను. ఆ రోజే నేనెప్పుడూ చూడని పాత గని ఒకటి కనిపించింది. కూలిపడిన బండరాళ్ళ కింద నుంచి పాకుతూ వెళ్తే, లోపల రాతిలో తొలిచిన గది. పనివాళ్ళు కూర్చుని టీ తాగే గది అయ్యుండాలి. గోడ పొడుగునా మందపాటి చెక్క అరుగు. దాని మీద వరసగా రేకు కప్పులు, అన్నీ బోర్లించి ఉన్నాయి. ఒకటి మాత్రం నోరు తెరుచుకుని నిలబడి ఉంది, దాని నిండా దుమ్ము. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ గోడ మీద పేరు గీకలేదు. మా ఇల్లు కూడా నాకెప్పుడూ అంత శుభ్రంగా కనిపించలేదు.

నేను వాటినే చూస్తున్నాను. వెనకాల చిర్రుమని చప్పుడైంది. కెప్టెన్ మూలకు తిరిగి నిలబడి ఉన్నాడు.

"బావా, ఇక్కడ పోస్తే ఎంత బాగా వినిపిస్తోందో!" అన్నాడు.

ఇంటికొచ్చి మామయ్య మంచం పక్కన కూర్చున్నాను. మామయ్య, అంటే మా ఆవిడ నాన్న, గనుల్లో పనిచేసినవాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని నల్లటి కఫంగా ఒక గిన్నెలోకి తిరిగిచ్చేస్తున్నాడు. ఆ గిన్నె చూస్తే నాకు అసహ్యం. కాదని అబద్ధం చెప్పను. ఇంక ఎక్కువ రోజులు లేవని డాక్టరు మా ఆవిణ్ణి పక్కకు పిలిచి చెప్పేశాడు. ఆయన కాలక్షేపానికి నేను చూసినవి చెబుతుంటాను. కప్పుల సంగతి చెప్పగానే దగ్గు ఆపుకుని లేచి కూర్చున్నాడు.

"ఒకటి నిలబడి ఉందా? పిడికి రాగి తీగ చుట్టుందా?"

"ఉంది మామయ్యా. మీకెలా తెలుసు?"

"చుట్టింది నేనే కాబట్టి." గిన్నెలో ఉమ్మాడు. "గనిలోకి వెళ్ళేటప్పుడు ఎవడి కప్పు వాడు నిలబెట్టాలి. బయటికొచ్చేటప్పుడు టీ తాగేసి బోర్లించాలి. ఆఖర్న మేస్త్రీ వచ్చి అరుగు చూస్తాడు. ఒక్కటి నిలబడి ఉన్నా గేటు వెయ్యడు. మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క."

"మరి మీదెందుకు ఉండిపోయింది?"

"గని మూసేసిన రోజు నేను అట్టడుగున ఉన్నాను. యజమాని మనుషులొచ్చి వెనక దారిన తోలేశారు, గొడ్లను తోలినట్టు. ముందు గేటుకి అప్పటికే తాళం. కప్పు బోర్లించొస్తానయ్యా అంటే నవ్వారు." కాసేపు ఆయాసపడ్డాడు. "అప్పట్నుంచీ నేను లోపలే ఉన్నానల్లుడూ. కళ్ళు మూస్తే మేస్త్రీ గేటు దగ్గర నిలబడి పిలుస్తుంటాడు. పలుకుదామంటే గొంతు రాదు. నేను పోయేలోపు దాన్ని బోర్లించు. నిన్ను ఇంకేం అడగను."

"ఇక్కడికే తెచ్చేస్తాను. మీ చేత్తో మీరే బోర్లించండి."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. కప్పు అక్కణ్ణించి కదిలిందంటే ఇంక నేను బయటపడేదెక్కడ?"

ఇంత సంగతి కన్నకొడుక్కి ఎందుకు చెప్పలేదని అడిగాను. "వాడు అడిగితే కదా" అన్నాడు.

మళ్ళీ సెలవు వచ్చేదాకా ఆయన ఉంటాడా అని నాకు భయం. ఉన్నాడు. పొద్దున్నే బయల్దేరాను. గని నోటి దగ్గరికి వెళ్ళేసరికే లోపలి నుంచి పాట వినిపించింది, ఫోనులో పెట్టిన పాట. పాకుతుంటే మందు వాసన మొహానికి కొట్టింది.

కెప్టెన్, వాడి మూక. గోడ మీద ఎర్ర రంగుతో వాళ్ళ టీము పేరు, పక్కన ఒక బాణం గుచ్చిన గుండె. నేల మీద చిప్స్ కవర్లు. ఒకడు మూల వాంతి చేసుకుని, అందులోనే చెయ్యి ఆనించి కూర్చున్నాడు. అరుగు మీద కప్పులన్నీ నిలబడి ఉన్నాయి, అన్నింట్లో మందు. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా! రాగి తీగ కప్పు మా వాడి చేతిలో ఉంది. అందులో సిగరెట్టు నలుపుతున్నాడు.

"రా బావా, టైముకొచ్చావు. నీకూ ఒకటి పోయమంటావా? వందేళ్ళ నాటి కప్పు!"

"వందేళ్ళు కాదు. అది మీ నాన్నది."

"నాన్నదా? ఒట్టు?" వాడి మొహం వెలిగిపోయింది. వెంటనే ఫోను పైకెత్తాడు. "ఇంటికి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెడతా. ఏడ్చేస్తాడు చూడు. ఆ వీడియో పెట్టానంటే మామూలుగా ఉండదు బావా!"

మామయ్య అడిగింది చెప్పాను. మందు తాగినవాడికి చెప్పాల్సినట్టే, రెండుసార్లు.

"ముసలాళ్ళ సెంటిమెంట్లు బావా. ఒకసారి బోర్లిద్దాం, క్లిప్పు తీసుకుందాం, తర్వాత తీసుకెళ్ళిపోదాం. ఆయన వచ్చి చూస్తాడా ఏంటి?"

వాడి చేతిలోంచి కప్పు లాక్కున్నాను. లోపల బూడిద, ఉమ్ము, నానిపోయిన చిప్స్ ముక్క. వేలు పెట్టి తీశాను. వేలికి జిగురుగా అంటుకుంది. నా సీసాలో నీళ్ళు పోసి కడిగాను, చొక్కా అంచుతో తుడిచాను. అరుగు మీద బోర్లించాను.

వాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు!

"అయిపోయిందిగా, ఇటివ్వు" అని కెప్టెన్ చెయ్యి చాపాడు.

నా సంచిలో సుత్తి ఎప్పుడూ ఉంటుంది. కుళ్ళిన దూలంలోంచి తుప్పుపట్టిన మేకు ఒకటి ఊపి ఊపి పీకాను. కప్పు అడుగు మీద నిలబెట్టి కొట్టాను. రేకు లొంగిపోయింది. కింద చెక్క గట్టిది, మేకు తల రేకుకు ఆనేదాకా కొడుతూనే ఉన్నాను. కొట్టినప్పుడల్లా పైనుంచి రెట్ట రాలుతోంది. నాకు పట్టలేదు.

"బావా! చిల్లు పడిపోయింది! పాతకాలపు పీసు, నాశనం చేశావు కదా!"

"ఇప్పుడు తాగరా దాంట్లో."

తర్వాత మిగతా కప్పులు కూడా ఒక్కొక్కటే ఎత్తి బోర్లించాను. మందు వాళ్ళ బూట్ల మీద పడింది. ఆ కప్పుల మనుషులు ఎప్పుడో బయటపడ్డారు, వాళ్ళను మళ్ళీ లోపల పెట్టడం దేనికి? కెప్టెన్ అక్కతో చెబుతానన్నాడు. చెప్పుకోమన్నాను.

ఇంటికొచ్చేసరికి మామయ్య కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి.

"బోర్లించావా?"

"బోర్లించాను. ఇక ఎవడూ తిప్పలేడు."

తల దిండు మీద వాల్చాడు. "గది ఎలా ఉంది?"

"మీరు వదిలేసినట్టే ఉంది."

నా చెయ్యి పట్టుకోబోయి ముక్కు ఎగబీల్చాడు. "ఏంటల్లుడూ ఈ కంపు?"

"గబ్బిలాలు మామయ్యా."

"ఓహో." కళ్ళు మూసుకున్నాడు. "మా కాలంలో గబ్బిలాలు మందు తాగేవి కావే."

చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాను. కొడుకు గురించి ఆయన అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వంటింట్లో మా ఆవిడకు ఫోను మోగింది. తమ్ముడి ఏడుపు నాదాకా వినిపిస్తోంది. ఈలోపు మామయ్యకు గురక వచ్చేసింది, నోరు తెరుచుకుని, మొరటుగా, కఫం గరగరలతో. మా ఇంట్లో ఆయన గురక నేనెప్పుడూ వినలేదు.

మంచం కింద గిన్నె నిండిపోయి ఉంది. మొహం పక్కకు తిప్పుకుని, దాన్ని తీసుకెళ్ళి పారబోశాను.