బొడ్డు మీద రూపాయి

నేను ఒక పాత రూపాయి బిళ్ళను. టంకశాలలో పుట్టి, సంతలన్నీ తిరిగి, చలామణీ పోయాక అనకాపల్లిలో నూకాలమ్మ అనే ఆవిడ రొంటిన చేరాను. అక్కడే నా దశ తిరిగింది. ఆమె కొడుక్కి పసితనంలో బొడ్డు ఉబ్బితే నన్ను దాని మీద పెట్టి గుడ్డతో బిగించి కట్టింది. రెండేళ్ళకి ఉబ్బు పోయింది. అలాంటిది చాలామంది పిల్లలకి దానంతటదే తగ్గిపోతుంది, కానీ పేరు నాకొచ్చింది. వచ్చే పేరుని కాదనడానికి నాకు నోరేది? ఆ వీధిలో ఎవరింట బొడ్డు ఉబ్బినా నన్నే పట్టుకెళ్ళేవారు.

చివరికి నూకాలమ్మ మనవరాలి వంతు వచ్చింది. రెండు నెలల పిల్ల. బొడ్డు ఉబ్బడమే కాదు, ఎప్పుడూ తడిగా ఉండేది. కట్టు తడిసినప్పుడల్లా నూకాలమ్మ ఇంకాస్త బిగించేది. నా కింద ఏం కారుతోందో నాకు తెలుసు. నాకు భయమేసింది.

ఒకరోజు కోడలు రోజా కట్టు విప్పి వాసన చూసింది.

“అత్తా, ఇది సెమట కాదు. బొడ్డులోంచి దొడ్డికెళ్ళిన వాసనొస్తంది.”

“మీ ఆయనకీ ఇదే కట్టేను. బతికి బట్టకట్టినాడు కాదేటి?” అంది నూకాలమ్మ.

రోజా పిల్లనెత్తుకుని ఆటో ఎక్కింది. నూకాలమ్మా ఎక్కి, ఆటోలోనే నన్ను మళ్ళీ కట్టింది.

పెద్దాసుపత్రిలో సర్జన్ నన్ను ఊడదీసి ట్రేలో పడేశాడు.

“కడుపులో ఉండగా పేగుకీ బొడ్డుకీ మధ్య ఒక గొట్టం ఉంటుందమ్మా. పుట్టేలోపు పోవాలి. మీ పాపకి పోలేదు. దాని చుట్టూ పేగు మెలిపడితే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్ చెయ్యాలి.”

ఆపరేషన్ అవుతున్నంతసేపూ నూకాలమ్మ ట్రేలోంచి తీసుకున్న నన్ను గుప్పెట్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది. ఏ దేవుడికీ మొక్కలేదు. “నానే బిగించేను,” అని మాత్రం అనుకుంటూ ఉంది. నాకు ఆమె మీద జాలేసింది. డాక్టర్లు గొట్టం తీసేసి పేగు కుట్టారు. పిల్ల బతికింది. తెలివి రాగానే పాల కోసం ఏడ్చింది.

మొన్న పక్కింటి పైడితల్లి కొడుకునెత్తుకుని వచ్చింది.

“పిన్నీ, ఈడికి బొడ్డుబ్బింది. ఆ బిళ్ళ ఓసారి ఇస్తావేటి?”

నూకాలమ్మ రొంటిన చెయ్యేసి నన్ను పట్టుకుంది.

“అది పోనాదే. ముందు గుంటణ్ణి డాక్టరుకి సూపించు.”

ఎన్నో చేతులు మారాను. ఇంత గట్టిగా పట్టుకుని నన్నెవరూ పోగొట్టుకోలేదు.