మూడు రకాల్లో పట్టని మనిషి

"ఇంట్లోనే ఉంటావుగా, మధ్యాహ్నం మా స్కూలు వాళ్ళు నలుగురు భోజనానికొస్తారు," అని బూట్లు తొడుక్కుంటూ చెప్పి వెళ్ళాడు నతానియేలు. చెప్పడమే, అడగడం లేదు. మంగళగిరి ఆఫీసుకి వారంలో రెండు రోజులు వస్తే చాలన్నప్పటి నుంచీ భార్య ఉద్యోగం అతని కంటికి ఉద్యోగంలా ఆనడం మానేసింది.

లిడియా ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద కోడికూర పెట్టి, పక్కన గట్టు మీద లాప్‌టాప్ తెరిచింది. మిర్చి పండించే ఇళ్ళ సర్వే అది. ఒక్కో ఇంటికి ఒక జాబితా, అందులో ఆ ఇంట్లో పనిచేసేవాళ్ళంతా ఉండాలి. అందరూ ఒక్కలాంటి వాళ్ళు కాదు కదా. రైతుకి పాస్‌పుస్తకమో కౌలు కార్డో ఉండాలి, కూలీకి రోజు కూలి ఉండాలి, వ్యాపారికి లైసెన్సు ఉండాలి. ఇన్ని రకాల మనుషులు ఒకే జాబితాలో ఇమిడేలా జేసన్ స్కీమా రాయడం, అంటే ఎవరిని లోపలికి రానివ్వాలో ముందే నియమం పెట్టడం, లిడియా పని. ముచ్చటగా రాసింది కూడా. ప్రతి మనిషీ ఈ మూడు రకాల్లో ఏదో ఒకటి అయి తీరాలి. ఒక్కరు కాకపోయినా ఆ ఇల్లంతా వెనక్కొచ్చేస్తుంది. మేనేజరు శివరామకృష్ణ చీమ దూరే సందు కూడా లేదని మెచ్చుకుంటే, నాలుగు రోజులు ఆ మాటే నెమరేసుకుంది.

పప్పుకి తాలింపు పెడుతుండగా నజీరా ఫోను చేసింది. పర్చూరు పక్క పల్లెల్లో సర్వే చేసే అమ్మాయి. పద్నాలుగు ఇళ్ళు వెనక్కొచ్చాయని, అన్నింట్లోనూ ఆడమనిషి దగ్గరే ఆగుతోందని చెప్పింది. చేలో పని చేస్తారు, కార్డు మొగుడి పేరున ఉంటుంది, సొంత చేనికి కూలి ఎవరిస్తారు? వీళ్ళనేం చెయ్యమంటారని అడిగింది. ఇక్కడ మూకుట్లో తాలింపు మాడుతోంది.

"తీసెయ్యండి. వాళ్ళని తీసేస్తే ఇల్లు పాసవుతుంది," అంది లిడియా.

"పొద్దుట్నుంచీ చేలోనే ఉన్నారండీ వీళ్ళు," అంది నజీరా. తర్వాత సరేనని పెట్టేసింది.

భోజనాల దగ్గర ఒకాయన, మేడంగారు ఇంట్లోనే ఉంటారు కాబట్టి మీరు అదృష్టవంతులండీ అన్నాడు. నతానియేలు నవ్వాడే గానీ ఉద్యోగం మాట ఎత్తలేదు. లిడియాకి ఒళ్ళు మండింది. వాళ్ళు వెళ్ళాక ఎంగిలి కంచాలు తోముతూ మొగుణ్ణి మనసులో కడిగేస్తుంటే, తీసేసిన పేర్లు నజీరా పంపించింది. తొమ్మిదో పేరు ప్రేమమ్మ, భర్త జయరావు.

ప్రేమమ్మ లిడియా తల్లి.

ఆ పల్లెల్లో ఒకటి తను పుట్టిన ఊరని లిడియా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. సర్వేకి ఎంచినప్పుడూ నోరు మెదపలేదు. అడిగినవాళ్ళందరికీ మాది గుంటూరు అంటుంది. పెళ్ళిచూపుల నాడు మీ అమ్మగారేం చేస్తారని కాబోయే అత్తగారు అడిగితే, ఏం చెయ్యదండీ అని తనే చెప్పింది. నారు వేసింది మొదలు కల్లంలో రంగు పోయిన తాలుకాయ ఏరేదాకా వంచిన నడుం ఎత్తని మనిషి గురించి, ఆ మనిషి పక్కగదిలో కాఫీ గ్లాసులు కడుగుతూ వింటుండగా చెప్పింది. కోతల రోజుల్లో ప్రేమమ్మ వేళ్ళకి కారం ఎక్కి మంటలు పుట్టేవి. కూతురు ఏడిస్తే మోచేత్తో కళ్ళు తుడిచేది, వేళ్ళు తగిలితే పిల్ల కళ్ళు మండుతాయని. ఆ తల్లిని తాలింపు మాడుతోందని కొట్టేయించింది. సిగ్గుతో లిడియా ప్రాణం చచ్చిపోయింది. మొగుణ్ణి తిట్టుకున్న తిట్లన్నీ తిరిగొచ్చి తనకే తగిలాయి. అతను ఒక్క ఆడదాన్నే లెక్కలోంచి తీశాడు, తను పద్నాలుగు మందిని తీసింది.

కంచాలు అలాగే వదిలేసి కూర్చుని నాలుగో రకం రాసింది. కార్డు అక్కర్లేదు, కూలి అక్కర్లేదు, పేరూ చేసే పనులూ ఉంటే చాలు. క్లయింటు అడగలేదుగా అని శివరామకృష్ణ ఫోనులో విసుక్కున్నాడు. తప్పు తనదేనని, దిద్దుతున్నానని చెప్పింది. ఆ పద్నాలుగు మందినీ మళ్ళీ ఎక్కించమని నజీరాకి చెప్పి, అమ్మకి ఫోను చేసింది.

ప్రేమమ్మ కల్లంలో ఉంది. సర్వే పిల్ల వచ్చిందని, పాపం ఎండనబడి తిరుగుతోందని, రాసుకున్న పేరు మళ్ళీ కొట్టేసిందని తనే మొదలుపెట్టింది.

"ఎవరో ఆఫీసోళ్ళు వద్దన్నారంటమ్మా. పోనీలే, నా పేరు లేకపోతే కాయ ఎర్రబడదా ఏంటి? నువ్వు మాత్రం ఆళ్ళతో గొడవ పెట్టుకోమాక, ఉద్యోగం చేసుకునేదానివి."

లిడియా ఊరుకుంటే అయిపోతుంది. నేను మాట్లాడి మళ్ళీ ఎక్కించానని చెబితే అమ్మ ఊరంతా చెప్పుకుని మురిసిపోతుంది కూడా.

"వద్దన్నది నేనేనమ్మా," అంది.