అంకిత విసిరిన వల

చెప్పులు గట్టు మీద అలా విడిచిపెట్టి రావాల్సింది కాదు, పక్కనే తడిగడ్డి, చల్లగా ఉందని ఏదైనా వచ్చి అందులో చుట్టుకుంటే, తిరిగి వెళ్లాక చూసుకోకుండా కాలు పెడితే, ఛ, ఏం ఆలోచనలివి, కళ్లెదుట ఇంత చెరువుంది, కాళ్ల కింద థర్మాకోల్ తెప్ప ఊగుతోంది, గట్టు మీద మత్స్యకారుల సంఘం పెద్ద కుర్మయ్య, ఆయన పక్కన మత్స్యశాఖ ఆఫీసు నుంచి వచ్చిన మేడం, వాళ్లకు కాస్త ఎడంగా కుడి భుజాన్ని ఎడమచేత్తో పట్టుకుని నాయిన, అందరూ తనవైపే చూస్తుంటే అంకిత చెప్పుల గురించి ఆలోచిస్తోంది, ఈత పరీక్ష అయిపోయింది, తెప్ప నడపడమూ అయిపోయింది, ఇక వల విసిరి లాగి చూపిస్తే చాలు, నాయిన సభ్యత్వం తన పేరు మీదికి వస్తుంది, ఈ శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే హక్కు వాళ్లింట్లోనే ఉంటుంది, లాగలేకపోతే లేదు, నాయిన భుజం ఇక వల లాగదని డాక్టరు తేల్చి చెప్పేశాడు, అన్నదమ్ములు లేరు, ఉన్నది తనొక్కతే, పాము అన్న మాట వినపడితే చాలు కాళ్లు ముడుచుకుని మంచమెక్కే తను.

తను చెరువు మీదికి పోతానన్న నాడు ఆ మాట నాయినే అన్నాడు, వెక్కిరింపుగా కాదు, అన్నం కలుపుతూ నెమ్మదిగా, పామును పురుగనే అంటాడు ఆయన, పురుగును చూస్తె సగం సచ్చిపోతవ్, నువ్వెట్ల వోతవే చెరువు మీదికి, అంటే అమ్మ సాలమ్మ మేడ్చల్ మార్కెట్లో చేపలమ్మి వచ్చిన అలసటంతా గొంతులో పెట్టుకుని, ఆడివిల్ల వల వట్టుడేంది, నలుగురు నవ్వరా, అంది, నవ్వడం అనగానే అంకితకు చేతి మణికట్టు దగ్గర చర్మం జిల్లుమంది, ఎందుకంటే అప్పుడూ నవ్వారు, మూడో తరగతిలో ఉండగా, పొద్దున్నే నాయిన వల దులుపుతుంటే తనూ చేపలేరదామని చెయ్యి పెట్టింది, నల్లగా, పచ్చగా, గళ్లు గళ్లుగా ఏదో తాడు అనుకుంది, ఆ తాడు మణికట్టుకు చుట్టుకుని కదిలింది, తను అరిచిన అరుపుకు గట్టు మీది మగాళ్లంతా తిరిగి చూశారు, నీరుకట్టె పిల్లా, గది కర్సినా ఏం గాదు, దాన్లె ఇషం ఉండదు, అని నవ్వారు, నాయిన దాన్ని విడిపించి నీళ్లలోకి వదిలేలోపు తన గౌను తడిసిపోయింది, అది చూసి ఇంకా నవ్వారు, ఇషం లేదని అందరికీ తెలుసు, తనకూ తెలుసు, తెలియడం వేరు, చర్మం వేరు, ఆ చల్లదనం ఆనాటి నుంచి ఒంటిని వదల్లేదు.

ఏమేం పోయాయో ఎవరికి చెప్పుకుంటుంది, బస్సు దిగి కాలేజీకి పోయే దారిలో ప్లాట్లు చేసి వదిలేసిన జాగాలో నడుమెత్తు గడ్డి, జేసీబీ వచ్చి ఒకవైపు పొదలు పీకేస్తే అందులోవన్నీ రెండోవైపు చేరాయని ఎవరో అన్నారు, అంతే, ఆ తర్వాత ఒకరోజు కడుపునొప్పి, ఒకరోజు తలనొప్పి, డిగ్రీ రెండో ఏడు నడుమ మానేసి నాకు సదువు మీద మనసు లేదన్నది, అమ్మ నమ్మింది, నాయిన మాత్రం నమ్మినట్టు లేదు, మనసు లేకపోవడమా, లెక్కలంటే ఎంత ప్రాణమో, గుండ్లపోచంపల్లి గోదాములో ప్యాకింగ్ పనికి చేరితే అక్కడ గట్టి నేల, ట్యూబులైట్లు, గడ్డి లేదు, హాయి అనుకుంది, ఆ హాయిలోనే అట్టపెట్టెల వెనక పడి ఉన్న నల్ల తాడును చూసి కెవ్వుమంటే పనంతా ఆగిపోయింది, అక్కడా నవ్వారు, ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయిన గోడకు తగిలించిన వలను ఒంటిచేత్తో దించాలని చూస్తున్నాడు, దించలేకపోతున్నాడు, పళ్లు బిగబట్టాడు గానీ ఎవరినీ పిలవలేదు, అంకిత వెళ్లి వల అందుకుంది, నేను వోత నాయినా, నాకు నేర్పియ్యి, అన్నది, అన్న తర్వాత వెనక్కి తీసుకుందామనిపించింది, కానీ మాట బయటికి వచ్చేసింది.

ఇప్పుడు తెప్ప మీద, నాయిన నేర్పినట్టే, గుండ్లు కట్టిన వల అంచు మోచేతి మీద వేసుకుంది, కొంత పళ్ల మధ్య కరిచి పట్టుకుంది, నడుము తిప్పి విసిరింది, వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడింది, గట్టు మీద నాయిన గడ్డం పైకి లేచింది, బాగా పడిందన్నమాట, ఇప్పుడు లాగాలి, తొందరపడకుండా, తాడు తడి, బరువు, అబ్బ బరువుంది, బొచ్చె చేపలు పడ్డాయేమో, ఒక జెల్ల కూడా, అదిగో తెల్లగా మెరుస్తోంది, దాని పక్కన, పక్కన నల్లగా, పచ్చగా, గళ్లు గళ్లుగా, వల కళ్లలో మెడ ఇరుక్కుని కొట్టుకుంటోంది, అయిపోయింది, వెనక్కి జరిగింది, తెప్ప ఒక పక్కకు ఒరిగింది, గట్టు మీంచి కుర్మయ్య కేక, ఓ పిల్లా, పాము వడ్డది, వల ఇడ్సిపెట్టు, ఇంకోపారి చూస్తం తియ్యి, ఆ గొంతులో నవ్వు లేదు, నిజంగా జాలే ఉంది, ఆ జాలి ఎంత తియ్యగా ఉందో, వదిలేస్తే చాలు, ఎవరూ తప్పుపట్టరు, ఆడపిల్ల భయపడింది అంటారు, ఇంకోసారి అంటారు, కాలేజీకి ఎన్నిసార్లు రేపు పోతానని అనుకుంది, ఆ రేపు ఏనాడైనా వచ్చిందా, వేళ్లు సడలుతున్నాయి, నాయిన వదలమనీ లాగమనీ అనడం లేదు, నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి నిలబడ్డాడు, అంతే, అంకిత తాడును మళ్లీ బిగించి పట్టుకుని లాగింది.

వల తెప్ప మీదికి వచ్చింది, దాంతోపాటు అదీ వచ్చింది, చచ్చిపోయేలా ఉంది పాపం, దారం మెడలోకి కోసుకుపోతోంది, పాపం అన్న మాట తన లోపలి నుంచే వచ్చిందా, చెయ్యి చాచింది, వణుకుతోంది చెయ్యి, వణకనీ, మెడ వెనక పట్టాలి, నాయిన నేర్పింది అదే, పట్టుకోబోయేలోపు అది తిరిగి బొటనవేలి మీద కరిచేసింది, కరిచింది, పాము కరిచింది, ఇన్నేళ్లు ఏది జరుగుతుందని ఇంట్లో కూర్చుందో అది జరిగిపోయింది, రెండు మూడు చుక్కల నెత్తురు, చురుక్కుమంది, అంతే, జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఇంతకన్నా ఎక్కువ నొప్పి, ఇంతేనా, ఇంతేనా నువ్వు, అని పైకే అనేసింది, మెడ వెనక ఒడిసి పట్టింది, చల్లగా ఉంది, నునుపుగా, లోపల దాని ప్రాణం కూడా తన గుండెలాగే దడదడలాడుతోంది, ఒక్కో దారం తప్పించి నీళ్లలోకి వదిలితే గీత గీసినట్టు పోయింది, వెనక్కి తిరిగి చూడలేదు, గట్టు మీద ఎవరో ఈల వేశారు, కుర్మయ్య చేతులెత్తి, భిక్షం, నీ బిడ్డ గట్టిదిరా, అని అరుస్తున్నాడు, మేడం ఇక చాలు రమ్మని సైగ చేస్తోంది, నాయిన ఎడమ అరచేత్తో మొహం తుడుచుకుంటున్నాడు, చెరువు నీళ్లో, కంటి నీళ్లో ఇంత దూరం నుంచి తెలియదు.

పరీక్ష అయిపోయింది, ఒడ్డుకు పోవచ్చు, వేలు కడుక్కోవచ్చు, కానీ ఎండ నీళ్ల మీద పరుచుకుంటోంది, జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి వచ్చే వాసన కూడా ఇవాళ లేదు, అంకిత తనను తాను వింత మనిషిని చూసినట్టు చూసుకుంది, భయం పోయిందా అని వెతికింది, పోలేదు, ఎక్కడికీ పోలేదు, గుండెలో ఉన్నచోటే ఉంది, అది పోయాక బయలుదేరదామని ఇన్నేళ్లు కాచుకుని కూర్చుంది తను, అది ఉండగానే తను వచ్చేసింది, ఉండగానే లాగింది, ఉండగానే పట్టుకుంది, ఉంటే ఉండనీ, అనుకుని వలను మళ్లీ మోచేతి మీద వేసుకుని, ఇంకొక్కటి ఏస్త నాయినా, అని గట్టిగా కేకేసి, ఈసారి ఎవరూ అడక్కుండానే విసిరింది.