కింది లేయరు

మా డ్రాయింగు సారు దావీదురాజు గారు నా బొమ్మలో బూడిద రంగు చెట్లు చూసి, "ఏం మా మహిమా, చెట్లకు జొరమొచ్చినాదా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పక్కన పెరిగినదాన్ని, నేను రోజూ చూసే వేపాకు బూడిద రంగుదే మరి.

వీడియోగేములకు లోకాలను, మనుషులను గీయడం మా బడిలో శనివారాలు నేర్పుతారు. పదో తరగతిలో ఒక్కరినే వేసవిలో కర్నూలు శిబిరానికి పంపుతారు. ఆ ఒక్కరూ నేనే కావాలని నా పంతం. సోమవారానికల్లా నా లోకం, అందులో తిరిగే మనిషి సిద్ధం కావాలి.

మా నాయన లాజరు లారీలకు బస్తాలు ఎత్తుతాడు. సాయంత్రం వస్తూనే ఆయనకు సారు మాట చెప్పాను. నన్ను రోడ్డు పక్క వేపచెట్టు కిందికి పిలుచుకుపోయి, బాటిల్లో మిగిలిన నీళ్లు ఒక రెమ్మ మీద పోశాడు.

"ఈడ చూడు. పచ్చగానే ఉండాది. కనపడదంతే."

బడివాళ్లిచ్చిన ట్యాబ్ ముందు కూర్చున్నాను. కింద రంగుల లేయరు, పైన బూడిద లేయరు వేశాను. వేలితో తుడిస్తే పైది చెరిగి కిందిది బయటపడుతుంది. గీస్తూ గీస్తూ నేనే ఆ లోకంలోకి వెళ్లిపోయాను. అక్కడ నా అడుగుల చప్పుడు లేదు. తాకిన చోటల్లా ఆకులు, గోడలు, మేకపిల్లలు మెల్లగా రంగు తేలుతున్నాయి. చర్చి గంట నీళ్ల అడుగు నుంచి మోగుతున్నట్టుంది. దారి చివర బస్తా మోస్తూ ఒక మనిషి, తల నుంచి కాలి దాకా బూడిద. తుడిచాను. నీలం చొక్కా, చామనచాయ చేతులు, నల్లగా నిగనిగలాడే జుట్టు.

"ఎవరు మా ఈయప్ప?" వెనక నుంచి నాయన అడిగాడు.

"నువ్వే నాయనా."

చాలాసేపు చూసి నవ్వాడు.

ప్రతి ఆదివారం నాయన తల రుద్దేది అమ్మ. ఈ ఆదివారం ఆమె చర్చి ఊడ్వడానికి ముందే వెళ్లడంతో నేను రుద్దాను. మొదటి చెంబుకు బూడిద నీళ్లు కారాయి. మూడో చెంబుకు తేటనీళ్లు వచ్చాయి. జుట్టు మాత్రం తెల్లగానే ఉంది. ఇంకా గట్టిగా రుద్దాను.

"ఇడ్సిపెట్టు మా, అది సిమెంటు కాదు," అన్నాడు నాయన తల వంచుకునే. "నెరిసి నాలుగేండ్లాయె."

నాకు ఏడుపొచ్చింది. నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ ఆ తెలుపు కడిగితే పోయేదనుకున్నాను. చర్చి నుంచి రాగానే కింది లేయరు తెరిచి, నల్లజుట్టు చెరిపి తెల్లది వేశాను.

సోమవారం సారు ట్యాబ్ మీద ఒక్కొక్కటే తుడిచారు. ఆకులు పచ్చబడ్డాయి. మనిషి తల దగ్గర మాత్రం మళ్లీ మళ్లీ తుడిచారు.

"జుట్టుకు రంగు వేయడం మర్చిపోయినావా?"

"లేదు సార్. వేసినా. మా నాయన జుట్టు అదే రంగు."

సారు వేలు అక్కడే ఆగింది. సొరుగులోంచి శిబిరం ఫారం తీసి, నా పేరు రాసి, నా వైపు చూడకుండానే అడిగారు.

"మీ నాయన పేరేం మా?"