బ్యాంకు గల్లీలో మ్యాచింగ్ సెంటర్

నారాయణగూడ చౌరస్తా వెనక ఉన్న ఆ గల్లీకి వందేళ్ల పైమాటే. విజయశ్రీ కోడలిగా వచ్చిన కొత్తలో అక్కడ దర్జీలు, పుస్తకాలు బైండింగు చేసేవాళ్లు, అరుగులున్న పెంకుటిళ్లు ఉండేవి. ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఒక్కో ఇల్లూ కూలి అద్దాల మేడ లేచింది. మొదట ఒక బ్యాంకు వచ్చింది. దాన్ని చూసి ఇంకొకటి, వాటి వెంట బీమా ఆఫీసులు, షేర్ల కంపెనీలు. ఇప్పుడు అసలు పేరు చెబితే ఆటోవాళ్లకు తెలియదు, బ్యాంకు గల్లీ అంటేనే బండి కదులుతుంది.

పాతవాటిలో మిగిలింది విజయశ్రీ మ్యాచింగ్ సెంటర్ ఒక్కటే. జాకెట్ గుడ్డలు, లైనింగులు, చీర ఫాల్స్ అమ్ముతుంది. ఏ చీర పట్టుకెళ్లినా రెప్పపాటులో దానికి జత రంగు తీసి ముందు పరుస్తుంది.

ఆషాఢంలో ఒకరోజు దుకాణం యజమాని గోవర్ధన్ గారు చిక్కడపల్లి నుంచి వచ్చారు.

"ఏమనుకోకు విజయశ్రీ. ఎదురు బిల్డింగుల కొత్తగ దిగుతున్న బ్యాంకోళ్లు ఏటీఎంకు ఈ దుకాణమే అడుగుతున్నరు. దసరా లోపల జర ఖాళీ చెయ్యి."

"ఇరవయ్యారేండ్ల సంది ఈడనే ఉన్న. ఇప్పుడు ఏడికి పోవాలె, అన్నా?"

ఆయన చెడ్డమనిషి కాదు, కానీ బ్యాంకు ఇస్తానన్న కిరాయి అలాంటిది.

శ్రావణంలో ఎదురు బ్యాంకు ప్రారంభోత్సవం. పొద్దున పదింటికి సంధ్య రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. పల్లె నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో నాలుగేళ్లు చదివి, ఆ బ్యాంకులోనే ఉద్యోగం కొట్టిన పిల్ల. ఇంటర్వ్యూకి జాకెట్ గుడ్డ ఇక్కడే కొన్నది.

"అక్కా, జల్ది! మా పెద్ద మేడమ్ చీర కారు డోర్ల పడి చినిగింది. పావుగంటల రిబ్బన్ కట్ చెయ్యాలె!"

వెనకే జనరల్ మేనేజర్ విద్యావతి వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, జానెడు పొడవున అంచు ఊడి వేలాడుతోంది. విజయశ్రీ షట్టరు సగం దించి, ఆమెను స్టూలెక్కించి, తాను మోకాళ్ల మీద కూర్చుని అదే రంగు దారంతో కుట్టింది. పది నిమిషాలైనా పట్టలేదు.

"ఏడ కుట్టినవో నాకే కనబడ్తలేదమ్మా," అంది విద్యావతి. ముషీరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి. "ఎంత ఇయ్యాలె?"

"పైసలొద్దు మేడమ్. ఒక్క మాట చెప్పుండ్రి. మీ ఏటీఎంకు ఎంత జాగ కావాలె?"

విద్యావతి సంధ్య వైపు చూసింది.

"అరవై చదరపు అడుగులు చాలు మేడమ్," అంది సంధ్య.

విజయశ్రీ మెడలోని టేపు తీసి ఒక కొస సంధ్య చేతికిచ్చి, జరుపుకుంటూ దుకాణం కొలిచింది. పది అడుగుల వెడల్పు, పద్నాలుగు పొడుగు.

"నూటనలభై. మీ అరవై పోను నాకు ఎనభై మిగుల్తది. నడుమ చెక్క గోడ కొడితే మీ మిషనూ ఉంటది, నా గుడ్డలూ ఉంటయి."

విద్యావతి పకపకా నవ్వింది. "మా ఇంజనీర్లకు ఈ ముచ్చట తోచనే లేదు చూడు!"

రిబ్బన్ కట్ చేశాక, బ్యాంకు పిలుపు మీద వచ్చి మొదటి వరుసలో కూర్చున్న గోవర్ధన్ గారిని పిలిచి ఆ మాటే చెప్పింది. ఆయన ముఖం చాటంతయింది. "రెండు కిరాయిలొస్తయి, ఒక ఆడమనిషి ఉసురూ తగలది. ఇంక నాకేం కావాలె!"

దసరాకు ఏటీఎం తెరిచారు. వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు ఊరికే ఉంటారా? పక్కకు తొంగిచూసి, లోపలికొచ్చి, లైనింగు గుడ్డతో బయటపడేవాళ్లు. ఏప్రిల్ ఎండలు ముదిరేసరికి చెక్క గోడ సందుల్లోంచి ఏటీఎం ఏసీ గాలి చల్లగా ఇటు రాసాగింది. విజయశ్రీ తన కుర్చీని ఆ గోడకు ఆనించి వేసుకుని, వచ్చిన ప్రతివాళ్లతోనూ, "జర ఇటొచ్చి కూసోండ్రి, బ్యాంకోళ్ల గాలి మస్తుగున్నది," అంటూ నవ్వేది.