గంట తాడు

"యజమానులు మంచివాళ్లేనాండీ?"

మళ్లీ అదే ప్రశ్న. బానిసల గుడిసె గుమ్మంలో నిలబడి ఎర్లీన్ చెమట తుడుచుకుంది. దక్షిణ కరోలినా ఎండ, ఒంటిమీద పాతకాలపు ముతక గౌను, తలకో గుడ్డ. ఒకప్పుడు బానిసలతో వరి పండించిన ఈ ఎస్టేటు ఇప్పుడు మ్యూజియం, ఆమె అందులో గైడు. పొద్దుటినుంచి నోరెండేలా చెబుతోంది. ఎంత చెప్పినా, చూడవచ్చిన జనానికి చివరికి కావలసింది ఆ ఒక్క ముక్కే.

"మంచోళ్లో చెడ్డోళ్లో, ఈ గుడిసెలో డెలియా కన్న బిడ్డల్ని మాత్రం వాళ్లే అమ్ముకున్నారమ్మా. పాలు మరవని పిల్లతో సహా. పేర్లు చెబుతా, వినండి. జూనో, కేటో, చిన్న బినా..."

డెలియా ఎర్లీన్ నాయనమ్మకి ముత్తవ్వ. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు. చెబితే జాలిపడి ఫొటోలు తీసుకుంటారు.

అంతలో ఎస్టేటు మేనేజరు ప్రెస్కాట్ మేడమ్ హడావిడిగా వచ్చింది. శనివారం కదా, పచ్చికలో ఎవరిదో పెళ్లి. "ఎర్లీన్, బంగారూ, ఒక్క సాయం! పెళ్లికూతురు బంగ్లా మెట్లు దిగుతుంటే పెరట్లో గంట మోగాలిట. ఈ గౌనులో నువ్వు కొడితే ఎంత కళగా ఉంటుందో!"

అది బానిసల్ని వరిమళ్లకు తోలిన గంట. తెల్లవారకముందే మోగేది, మోత ఆగేలోపు మడిలో కాలు పెట్టనివాడి వీపు చిట్లేది. స్వేచ్ఛ వచ్చాక ఏటి అవతల ఆమెవాళ్లు చర్చి కట్టుకున్నారు గాని, దానికి గంట పెట్టుకోలేదు. నేటికీ లేదు. ప్రార్థన వేళకి ఒక ముసలమ్మ మెట్టుమీద నిలబడి పాట ఎత్తుకుంటుంది, జనం కదులుతారు. గంట వింటే దేవుడు కాదు, కొరడా పట్టిన మేస్త్రీ గుర్తొస్తాడనేవారు పెద్దలు.

"దాని కథ చెప్పమంటే చెబుతా మేడమ్. కొట్టను."

"అయ్యో, చరిత్రేగా! చూడు, నీ బదులు చెవిలో పెట్టుకుని వినే యంత్రాలు తెప్పిద్దామని పైవాళ్లు ఒకటే గోల. నేనే అడ్డుపడుతున్నా. నువ్వూ కాస్త సర్దుకుపోవాలి మరి."

ఆ యంత్రం చెప్పబోయే పాఠం ఎర్లీన్ చదివింది. అందులో డెలియా నమ్మకమైన వంటమనిషి, అంతే. పిల్లల ఊసే లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పని పోతే ఇంకో పని చూసుకోవచ్చు. ఆ పేర్లు పలికే నోరు ఇంకెక్కడుంది?

"కొట్టనండీ," అంది మళ్లీ.

మేడమ్‌కి కోపమైనా రాలేదు. "సరేలే. టోలివర్!" అని తోటవైపు కేక వేసింది.

తోటమాలి టోలివర్ ఎర్లీన్‌కి సొంత బాబాయ్. చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ పేర్లన్నీ నేర్పింది ఆయనే. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి, సంగతి విని తాడు దగ్గరికి నడిచాడు.

ఎర్లీన్ పరుగున అడ్డం వెళ్లింది. "బాబాయ్, వద్దు. నువ్వు కాదు."

"మీ పిన్నికి డయాలసిస్ చేసేది ఈ ఉద్యోగం బీమాతోనే. మంగళవారం ఆసుపత్రివాళ్లకి ఏం చెప్పమంటావే?"

"నీచేత కొట్టించాలని అన్నానా నేను?"

"నీకు రోషం ఉంది తల్లీ, మంచిదే. నువ్వు కొట్టనన్నావు కాబట్టే ఇది నా చేతికొచ్చింది. పక్కకి జరుగు."

ఎర్లీన్ పక్కకి జరిగింది.

గంట మోగింది. అతిథులు చప్పట్లు కొట్టారు. డెలియా పిల్లల పేర్లు వింటున్నవాళ్లు కూడా ఫోన్లు ఎత్తి పెళ్లికూతురివైపు పరుగెత్తారు. ఛీ, ఏం బతుకిది! తాడు లాక్కోవడానికి ఎర్లీన్‌కి చేతులు రాలేదు, వెళ్లిపోవడానికి కాళ్లూ రాలేదు.

మెట్లమీద పెళ్లికూతురు పకపకా నవ్వుతూ చెయ్యి ఊపింది. "ఇంకా, ఇంకా!"

టోలివర్ తల ఎత్తలేదు. ఆపమని చెప్పేవాళ్లెవరూ లేరు. తాడు లాగుతూనే ఉన్నాడు.