పంటు మీద రాయబారం

నేను ఒక గదను. అల్లాటప్పా గదననుకునేరు! నా దెబ్బకు తొడలు విరిగాయి, కోటగుమ్మాలు కూలాయి. ఒకసారి నన్ను నేలకేసి కొడితే పక్క ఊళ్లో బావి పడింది. నవ్వుకుంటే నవ్వుకోండి, చదువుకున్నవాళ్లకు నమ్మకం తక్కువ.

పుట్టింది నాటకాల కంపెనీలో. ఒళ్లు సరుగుడు కర్ర, తలకు వెండి రంగు. కంపెనీ మూతపడ్డాక వీరుడి వేషం వేసే ఆయన నన్ను హైస్కూలుకు అప్పగించి వెళ్లిపోయాడు. తెలుగు చెప్పే పరబ్రహ్మం మాస్టారు నాతో ఎవర్నీ కొట్టలేదు. పద్యం చదువుతూ నాతో నేలమీద తాళం వేసేవారు. చెప్పిన సంగతినే పద్యంగా, సంభాషణగా, కరపత్రంగా, బుర్రకథగా రాయించేవారు. "ఒకే పిండిరా! ఇడ్లీ వేస్తావో దోసె పోస్తావో తినేవాణ్ణి చూసి తేల్చుకో" అనేవారు.

ఆ తెలుగు క్లాసు చివరి పీరియడు. ఏటి అవతల లంక నుంచి వచ్చే నాంచారికి అదే చిక్కు. రేవును వేలంలో పాడుకున్న తిరపతయ్య, ఏరు దాటించే ఆఖరి పంటు నాలుగింటికే తీసేసేవాడు. అయిదింటికి ఆయనకు పేకాట. పాఠంలో రాయబారి సభలో అడుగుపెడతాడు, నాంచారి సంచీ తగిలించుకుని రేవుకు పరుగెడుతుంది. సభలో ఏం జరిగిందో పాపం ఏనాడూ వినలేదు. తెలుగులో మార్కులు అడుగంటాయి. "ఈసారి తప్పావంటే రొయ్యల షెడ్డులో కూలికే" అని తల్లి తేల్చేసింది.

నాంచారి ఊరుకోలేదు. పుస్తకంలోని రాయబారి మాటలు బట్టీపట్టి, నన్ను భుజాన వేసుకుని తిరపతయ్య ముందు నిలబడింది. "ఓ భూపాలా! సావధానముగా ఆలకింపుము!"

ఆయన బీడీ తీసి తేరిపార చూశాడు. "నాటకం చందానా? పండగెళ్లాక రండే. ఇంతకీ రికార్డింగ్ డాన్సుందా?"

ఏడుస్తూ వచ్చిన పిల్లను మాస్టారు చూశారు. "రాయబారి మాటలు బట్టీపట్టావు గానీ, ఎవరి ముందు మాట్లాడాడో, ఏ మాట ముందు పెట్టి ఏది మింగాడో చూశావుటమ్మా?"

నాంచారి ఆ రాత్రి ఏం చదివిందో నాకు తెలియదు. సంత రోజు పొద్దున్న మాత్రం నన్నూ, ఇద్దరు స్నేహితురాళ్లనూ వెంటేసుకుని కిక్కిరిసిన పంటెక్కింది. పంటు ఏటి నడిమికొచ్చాక బుర్రకథ ఎత్తుకుంది. ఎవరు మాత్రం దిగిపోతారు?

"ఈ ఏటికి రాజెవరయ్యా?"

"ఇంకెవరు, మన తిరపతయ్యే!" అన్నారు కోళ్లగంపలవాళ్లు.

తిరపతయ్య మీసం దువ్వి, రాజుకు గద ఉండొద్దా అని నన్ను లాక్కున్నాడు. నాంచారి ఆయన్ని ఆకాశానికెత్తింది. వరదలో ముసలమ్మను దాటించిన రాజు, పురిటిమనిషికి అర్ధరాత్రి పంటు తీసిన రాజు. జనం తందానలు. ఆ పైన గొంతు తగ్గించింది.

"అంతటి రాజు నాలుగింటికే పంటెందుకు కట్టేస్తాడు? అయిదింటికి రాజుగారికి ఏదో రాచకార్యం..."

వెనక గంపల మధ్య కూర్చున్న ఆయన భార్య జోగమ్మ లేచింది. "అయిదింటికి ఏం కార్యమయ్యా నీకు?"

నాంచారి నోరు మూసుకుంది. చెప్పగలిగీ చెప్పలేదు. తిరపతయ్య మొహాన చెమట. దాన్ని దాచుకోవడానికి నన్నెత్తి చెక్కకేసి బాదాడు. "ఇచ్చితిమి! రేపటి నుంచి అయిదింటికే ఆఖరి పంటు!"

ఆ దెబ్బకు నా తల ఊడిపోయింది. లోపలున్నది వరిగడ్డి, పాత నాటకాల కరపత్రాలు. విరిచిన తొడలన్నీ ఉత్తమాటే! ఇన్నేళ్లలో విరిగింది నేనొక్కదాన్నే. తల మాత్రం ఏట్లో పడి హాయిగా సముద్రం వైపు తేలుతూ పోయింది.

ఇప్పుడు నేను క్లాసు మూలన వట్టి కర్రను. నాంచారి చివరి గంట దాకా కూర్చుంటోంది. రాయబారి సభలో ఏమన్నాడో విన్నది. ఆయన చెప్పింది బాగానే ఉంది గానీ బుర్రకథయితే ఇంకా పట్టేదని మాస్టారితో వాదించింది కూడా. తెలుగులో గట్టెక్కింది. తల్లి షెడ్డు మాట ఎత్తడం మానేసింది.

ఇందులో ఇంకొకటి కూడా నేను కల్పించాను. తిరపతయ్య "ఇచ్చితిమి" అననే లేదు. పెళ్లాం వైపు దొంగచూపు చూస్తూ ఆయనన్నది ఇంతే: "అయిదింటికే తీస్తాలేవే తల్లీ, ఇక ఆపు." ఆ గ్రాంథికం నేను తగిలించాను. నాటకాల్లో పెరిగినదాన్ని, రాజు నోట ఆ మాట పడకపోతే నాకు తోచదు.